తుపాకీ లైసెన్సు ఎవరి చేతిలో, నేరం ఎవరి మీద?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేం ఏ పల్లెకు పోయినా కుర్రాళ్లు ఒక మాట అడుగుతున్నారు. "మన దగ్గరా తుపాకులుంటే కారంచేడు జరిగేదా? చుండూరు జరిగేదా?" అంటున్నారు. పట్నంలో చదువుకున్న మిత్రులు దీనికి ఎదురుమాట చెబుతారు. తుపాకీ చట్టం గట్టిగా ఉంటే నేరాలు తగ్గుతాయి, అమెరికాలో చట్టం లేదు కాబట్టే అట్లా చస్తున్నారు అని. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజముంది. అయితే రెంటిలోనూ ఒక ప్రశ్న తప్పిపోయింది. ఆ చట్టాన్ని ఎవరు ఎవరి మీద అమలుచేస్తారు? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఈ దేశంలో ఆయుధం సంగతి తెల్లవాడితో మొదలు కాలేదు. ఆయుధం పట్టే హక్కు ద్విజులదని మనుధర్మం ఏనాడో రాసిపెట్టింది. శూద్రుడికి నాగలి, అతిశూద్రుడికి చీపురు. ఇన్ని వేల ఏళ్లు ఇంత అన్యాయం జరుగుతుంటే కింది కులాలు ఎందుకు తిరగబడలేదు అన్న ప్రశ్నకు బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లోనే జవాబు చెప్పారు. చదువూ లేదు, ఆయుధమూ లేదు, ఇక తిరగబడేది దేంతో? అంతేగాని మనవాళ్లకు ఆయుధం పట్టడం రాక కాదు. మహర్లు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పోరాడారు. బాబాసాహెబ్ తండ్రి సుబేదారు. ఆ తర్వాత కులం చూసి మహర్లను సైన్యంలో చేర్చుకోవడం మానేశారు.

1857 తిరుగుబాటు చూసి భయపడ్డ తెల్లదొరలు జనం దగ్గర ఆయుధాలు లాగేసుకోవడం మొదలుపెట్టారు. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదు. బాగానే ఉంది. కానీ తెల్లవాళ్లకు మినహాయింపు! రాజులకూ బిరుదులున్న పెద్దమనుషులకూ సౌకర్యం. అంటే మన దేశంలో తుపాకీ చట్టం పుట్టుకలోనే మనిషిని చూసి పుట్టింది. నేరం తగ్గించాలని కాదు, ఏలేవాడికి భయం లేకుండా ఉండాలని.

1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి పౌరుడికి ఆయుధం ఉండవచ్చునని రాసుకున్నారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి.కామత్ దీన్నే సవరణగా పెట్టారు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఆయుధం పట్టడం వ్యక్తి హక్కుగా కాదు, రాజ్యానికి ఆపద వచ్చినప్పుడు పౌరుడి విధిగా ఉండాలని ఆయన వాదన. సవరణ వీగిపోయింది. బాబాసాహెబ్ పేరు చెప్పి తుపాకీ మాట మాట్లాడే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎవడికి వాడు తుపాకీ పట్టుకునే దేశంలో, ఎకరాలున్నవాడి దగ్గర పది ఉంటాయి, కూలివాడి దగ్గర ఒక్కటీ ఉండదు. ఇది తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు, ఊళ్లో ట్రాక్టర్లు ఎవరివో చూస్తే చాలు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. 1962 నుంచి అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. కమిషనరేటు ఉన్నచోట పోలీసు కమిషనరు. పోలీసు రిపోర్టు కావాలి, తగిన కారణం చూపాలి. ఈ చట్టంలో 14వ సెక్షన్ రెండో భాగం ఉంది, అది మీలో చాలామందికి తెలియదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదు అని అందులో ఉంది. చూశారా? చట్టం ఎంత మంచిది! మరి మీ మండలంలో ఆస్తి లేనివాడి దగ్గర లైసెన్సు తుపాకీ ఉందేమో చూపించండి.

ఎందుకు లేదంటే, 'తగిన కారణం' అన్న మాటలోనే అంతా ఉంది. పెత్తందారు వెళ్లి ప్రాణభయం ఉందంటే అది ప్రాణభయం. వాళ్ల నాన్న పేరున ఉన్న తుపాకీ కొడుకు పేరు మీదికి మారుతుంది. మాదిగవాడ మనిషి వెళ్లి ప్రాణభయం ఉందంటే అది 'శాంతిభద్రతల సమస్య'. అతని పేరు మీద తుపాకీ రాదు, బైండోవరు కేసు వస్తుంది. ఈ మాటలు విని మీరు నవ్వుతున్నారంటే అనుభవం మీదగ్గరే ఉందన్నమాట.

2016 చివరికి దేశంలో దాదాపు 33 లక్షల 70 వేల లైసెన్సులు ఉన్నాయని కేంద్ర హోంశాఖ లెక్క. అందులో 12 లక్షల 77 వేలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. ఎక్కువ లైసెన్సులున్న ఆ రాష్ట్రం నేరాలు లేని రాష్ట్రమా? ఇక లైసెన్సు లేని నాటు తుపాకులు వేరే. తుపాకీతో జరిగే హత్యల్లో ఎక్కువ భాగం వాటితోనే జరుగుతున్నాయి. 2019లో చట్టాన్ని సవరించి ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు దించారు, లైసెన్సు లేని తుపాకీకి శిక్ష పెంచారు, పెళ్లిళ్లలో గాలిలోకి కాలిస్తే జైలన్నారు. మంచిదే. శిక్ష పెంచడం సులువు. ఆ శిక్ష ఎవడి దాకా పోతుందన్నదే చూడాలి.

అది చూడాలంటే బీహారుకు పోవాలి. తుపాకీకీ కులానికీ ఉన్న లంకె అక్కడ కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

1977 మే నెలలో బెల్చీలో 11 మందిని పట్టుకొచ్చి కాల్చి, మంటల్లో వేశారు. వాళ్లలో 8 మంది దళితులు. 1994లో భోజ్‌పూర్ జిల్లాలో భూస్వాములు రణవీర్ సేన పెట్టుకున్నారు. 1995లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధించాక ఏం జరిగింది? 1996 జూలై 11న బథానీ టోలాలో 21 మందిని చంపారు, ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ. 1997 డిసెంబరు 1 రాత్రి లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపారు. నిద్రలో ఉన్నవాళ్లను కాల్చి చంపారు. అప్పటికి ఆయుధాల చట్టం వచ్చి 38 ఏళ్లు. అట్రాసిటీ చట్టం అమల్లోకి వచ్చి ఏడేళ్లు దాటింది. సేన మీద నిషేధం రెండేళ్లుగా ఉంది. మూడు చట్టాలూ ఉన్నాయి, 58 శవాలూ ఉన్నాయి.

అదే బీహారులో ఇంకో సంగతి జరిగింది. చట్టం పనికిరాదు అనేవాళ్లు దీన్ని శ్రద్ధగా వినాలి. 2006 నుంచి నితీశ్ కుమార్ ప్రభుత్వం ఆయుధాల చట్టం కేసులను వేగంగా విచారించడం మొదలుపెట్టింది. ఎందుకు ఆ కేసులే ఎంచుకున్నారు? హత్య కేసులో సాక్షి భయపడతాడు, అమ్ముడుపోతాడు, ఊరు విడిచిపోతాడు. తుపాకీ దొరికిన కేసులో సాక్షులు పోలీసులే. వాళ్లు కోర్టుకు రాకపోతే వాళ్ల మీద చర్య తీసుకోవచ్చు. దాంతో ఏళ్ల తరబడి చేతికి చిక్కని పెద్ద పెద్ద ముఠా నాయకులు హత్య కేసులో కాక తుపాకీ కేసులో జైలుకు పోయారు. డబ్బు కోసం మనుషుల్ని ఎత్తుకుపోయే కేసులు 2004లో 411 ఉంటే 2008కి 66కు దిగాయి. పోలీసు లెక్కే కావచ్చు, కానీ ఆ తేడా చిన్నదేం కాదు. వ్యాపారస్తులు రాత్రి పూట రోడ్డెక్కగలిగారు.

అంటే తుపాకీ చట్టం నేరాన్ని తగ్గించగలదు. దానికి కావలసింది కొత్త సెక్షను కాదు. ఉన్న సెక్షనును, ఎవడైతే ఏంటని, వాడటం.

కానీ అదే 2006లో అదే ప్రభుత్వం ఇంకో పని చేసింది. బాథే నరమేధం తర్వాత రణవీర్ సేనకు ఏయే రాజకీయ నాయకులతో సంబంధాలున్నాయో తేల్చడానికి వేసిన జస్టిస్ అమీర్ దాస్ కమిషన్ను మధ్యలోనే రద్దు చేసింది. 2010లో కింది కోర్టులు బథానీ టోలా కేసులో 23 మందికి, బాథే కేసులో 26 మందికి శిక్ష వేశాయి. పాట్నా హైకోర్టు 2012లో ఆ 23 మందినీ, 2013 అక్టోబరులో ఈ 26 మందినీ విడిచిపెట్టింది. వ్యాపారిని ఎత్తుకుపోయిన తుపాకీని పట్టుకునే చెయ్యి, కూలివాడి గుడిసెలోకి వచ్చిన తుపాకీ దాకా ఎందుకు చాచుకోలేదు? ఒకే పోలీసు, ఒకే చట్టం. నేరం తగ్గిందన్న లెక్క చూసినప్పుడల్లా ఎవరి మీద జరిగే నేరం తగ్గింది అని అడగాలి.

ఇప్పుడు మా కుర్రాళ్లు మళ్లీ లేస్తారు. "అందుకే గదా మనమూ తుపాకీ పట్టాలనేది" అంటారు. బీహారులో అదీ జరిగింది. 1999 మార్చిలో సేనారీలో మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ వాళ్లు 34 మంది భూమిహార్లను చంపారు. దాంతో సేన భయపడి ఆగిపోయిందా? 2000 జూన్‌లో మియాపూర్‌లో మళ్లీ 30 మందికి పైగా చంపింది, ఎక్కువమంది యాదవులు. సేనారీలో చచ్చిన వాళ్లందరూ హంతకులు కారు, మియాపూర్‌లో చచ్చినవాళ్లకు సేనారీతో సంబంధం లేదు. తుపాకీకి తుపాకీ జవాబు అన్నప్పుడు ముందు పోయేది ఆ రాత్రి ఇంట్లో పడుకున్నవాడి ప్రాణం. పీడితుడి కోపం మాకు తెలుసు. దాన్ని మేం తప్పుపట్టం. లెక్క మాత్రం చెప్పాల్సిందే.

ఇక మన ఊళ్లకు వద్దాం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1987లో నీరుకొండ. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కారంచేడులో, చుండూరులో వాడింది గొడ్డళ్లు, బరిసెలు, కత్తులు, కర్రలు. తుపాకీ చట్టం ఎంత గట్టిగా ఉన్నా ఆ రోజుల్లో ఒక్క ప్రాణం దక్కేది కాదు. గొడ్డలికి లైసెన్సు లేదు గదా. రాయలసీమలో ఫ్యాక్షన్లు నడిచింది నాటుబాంబులతో. వాటికి 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. ఆ చట్టం కింద చుట్టేవాడు దొరికాడు గాని, చుట్టించినవాడు ఎన్నడూ దొరకలేదు. చుట్టేటప్పుడు పేలి చేతులు పోయింది కూలివాడికి.

కాబట్టి తుపాకీ పోతే దాడులు పోతాయని మేం చెప్పడం లేదు. ఊళ్లో తుపాకీ చేసే పని వేరు. అది ఎక్కువసార్లు పేలదు. గోడకు వేలాడుతుంది. పంచాయితీ రోజున అరుగు మీద ఆనించి ఉంటుంది. కూలి రేటు పెంచమని అడగబోయిన మనిషి కళ్లు ముందు దాని మీద పడతాయి. భూమి కేసు వేసినవాడికి "నా దగ్గర ఏముందో తెలుసు గదా" అన్న ఒక్క మాట చాలు. ఏ పోలీసు రికార్డులోనూ ఇది నేరంగా ఎక్కదు. అవసరమైనప్పుడు పేలుతుంది కూడా. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపింది విసునూరు దేశముఖు గూండాల తుపాకీ గుండే.

ఇంకో తుపాకీ కూడా ఉంది, దానికి లైసెన్సు అక్కర్లేదు. చుండూరులో దాడి రోజున పోలీసులు ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల తుపాకీ నరికేవాళ్ల మీద పేలలేదు. అదే ఏడాది సెప్టెంబరులో న్యాయం అడిగిన దళితుల మీద పేలి ఒక యువకుణ్ణి చంపింది. నేరాల పట్టికలో ఈ చావు ఏ గడిలో రాశారో!

ఇదంతా మన దేశపు రోగమే అనుకోకండి. అమెరికాలో 1865లో బానిసత్వం పోగానే మిసిసిపీ రాష్ట్రం చేసిన చట్టాల్లో ఒకటి, విడుదలైన నల్లవాళ్లు అనుమతి లేకుండా తుపాకీ ఉంచుకోకూడదని. తెల్లవాళ్లకు ఆ బాధ లేదు. నూరేళ్ల తర్వాత కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని పోలీసుల వెంట తిరుగుతూ, నల్లవాళ్లను కొడుతున్నారేమో కాపలా కాశారు. అప్పటి చట్టం ప్రకారం అది నేరం కాదు. 1967 మే నెలలో వాళ్లు తుపాకులతో శాసనసభ భవనంలోకి వెళ్లారు. అదే ఏడాది మల్ఫోర్డ్ చట్టం వచ్చింది, గుండ్లు నింపిన తుపాకీ బజార్లో పట్టుకు తిరగకూడదని. సంతకం పెట్టింది గవర్నరు రొనాల్డ్ రీగన్. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పెట్టుకున్నారు. పేరు తెచ్చుకున్నారు గాని తుపాకీ తెచ్చుకోలేదు, కవిత్వంతోనే భయపెట్టారు.

అట్లాగని నల్లవాళ్లకు తుపాకులు ఎక్కువైతే మేలు జరిగిందా? 2021లో ఆ దేశంలో తుపాకీతో 48,830 మంది చనిపోయారు. సగానికి పైగా ఆత్మహత్యలు. హత్యలైన వాళ్లలో సగానికి మించి నల్లవాళ్లే, జనాభాలో వాళ్లు ఏడో వంతుకు లోపే. తుపాకీ అంగడి తెరిచి ఉంచితే లాభం అమ్మేవాడిది, శవం పేదవాడిది. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాక, ప్రభుత్వం డబ్బిచ్చి దాదాపు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో తుపాకీ చావుల రేటు సగానికి పైగా పడిపోయింది. అది అంతకు ముందు నుంచే తగ్గుతోందని కొందరు పండితులు వాదిస్తారు, వాదించుకోనివ్వండి. అక్కడ తుపాకీ అప్పగించమన్నది అన్ని రకాల మనుషులనూ. మనకు కావలసింది ఆ ముక్క.

ఇప్పుడు అసలు విషయం. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చింది, దాని నియమాలు 1995 మార్చి 31న వచ్చాయి. ఆ నియమాల్లో మూడో నంబరు నియమం మీలో ఎంతమంది చదివారు? అత్యాచారాలు జరిగే ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అక్కడ అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల తుపాకీ లైసెన్సులు రద్దు చేయాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి చుట్టాలవి, పాలేర్లవి, నౌకర్లవి, కుటుంబ స్నేహితులవి కూడా. ఆ తుపాకులను ప్రభుత్వ ఆయుధాగారంలో జమచేయించాలి. లైసెన్సు లేని తుపాకులన్నీ పట్టుకోవాలి, వాటి తయారీ ఆపాలి. ఎస్సీ ఎస్టీల ప్రాణానికీ ఆస్తికీ రక్షణ కోసం అవసరమనుకుంటే వాళ్లకు లైసెన్సులు ఇవ్వాలి.

ఈ నియమం రాసినవాడెవడో ఊరి సంగతి తెలిసినవాడే. తుపాకీ పెత్తందారు పేరున ఉండదు, బావమరిది పేరునో జీతగాడి పేరునో ఉంటుందని వాడికి తెలుసు. అంత తెలిసినవాడే 'అవసరమనుకుంటే' అన్న ఒక్క మాట అందులో ఇరికించి వదిలేశాడు. అవసరమని అనుకోవాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. దానికి అనిపించదు. అనిపించేటట్టు చెయ్యడమే మన పని.

ఇది జరిగే పని కాదని ఎవరన్నా అంటే వాళ్లకు ఎన్నికలు గుర్తుచేయండి. ఎన్నికల ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో జమచేయమంటారు. ఎంత పెద్ద దొరయినా జీపులో తెచ్చి అప్పగించి రసీదు తీసుకుపోతాడు. ఓట్ల పెట్టెను కాపాడటానికి చెయ్యగలిగిన పని, గూడెంలో మనుషుల్ని కాపాడటానికి చెయ్యలేరా? ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ప్రజాశాంతికి, ప్రజల భద్రతకు అవసరమైతే కలెక్టరు ఏ లైసెన్సునైనా ఆపవచ్చు, రద్దు చేయవచ్చు. దానికి ఎన్నికలు రావక్కర్లేదు.

రాజ్యం తలుచుకుంటే మనవాళ్లకే తుపాకులిస్తుంది, అదీ చూశాం. మన గోదావరికి అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ కుర్రాళ్లను స్పెషల్ పోలీసు ఆఫీసర్లన్నారు, చేతికి తుపాకీ ఇచ్చి సాటి ఆదివాసీల మీదికే పంపారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ తుపాకులు వెనక్కి తీసుకోమంది. మన చేతికి తుపాకీ వచ్చేది మనవాణ్ణి కాల్చడానికయితే, అట్లాంటి లైసెన్సు మనకొద్దు.

మాకు తుపాకులివ్వండి అన్నదాన్ని మొదటి కోరికగా పెట్టకండి. నిజంగా ప్రాణభయం ఉన్న సర్పంచి, సాక్షి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది వాళ్ల హక్కు, 14వ సెక్షన్ చూపించండి. మన మొదటి కోరిక మాత్రం వాళ్ల తుపాకులు దింపమని. కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో జనం తుపాకీ అడగలేదు, దళిత మహాసభ కట్టుకున్నారు. చుండూరు జనం ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే పెట్టమని పట్టుబట్టి సాధించారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు కొట్టేసింది. నిజమే, గాయం మానలేదు. కానీ పెత్తందార్లు నిందితులై అదే ఊళ్లో కోర్టు ముందు నిలబడ్డారు. అది తుపాకీ వల్ల వచ్చింది కాదు.

ఊరికి పోయాక చేయాల్సిన పని చెప్పి ముగిస్తాం. సమాచార హక్కు చట్టం కింద కలెక్టరు ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. మన మండలంలో లైసెన్సు తుపాకులెన్ని, వాటిలో ఎస్సీ ఎస్టీల పేరున ఎన్ని, ఈ అయిదేళ్లలో ఎన్ని రద్దయ్యాయి, మూడో నియమం కింద మన జిల్లాలో ఏ ఊళ్లను గుర్తించారు. ఈ నాలుగు ప్రశ్నలే, ఎక్కువ రాయకండి. పేర్లు అడిగితే ఇవ్వరు, లెక్క ఇస్తారు. దళితుల మీద దాడి జరిగిన ప్రతి ఊరికీ కేసు నంబరు, తేదీ రాసిపెట్టుకోండి. 17వ నియమం కింద జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. అందులో మన సభ్యులెవరో కనుక్కుని ఆ కాగితం చేతికివ్వండి, మీటింగులో చదివించి మినిట్సులో ఎక్కించమనండి. బెదిరించినప్పుడు తుపాకీ చూపించాడా లేదా అన్నది ఎఫ్ఐఆర్‌లో తప్పనిసరిగా రాయించండి. ఆ ఒక్క వాక్యం లేక లైసెన్సు రద్దు అర్జీలు వీగిపోతాయి. అర్జీ నమూనా మా దగ్గరుంది, భోజనాలయ్యాక తలా ఒకటి తీసుకోండి. రాయడం రానివాళ్లు చెల్లెళ్ల దగ్గర కూర్చుని రాయించుకోండి.

జై భీం.